చదవని ప్రశ్న

పెద్ద మానిటర్ నల్లగా ఉంది. ఆ నలుపులో కిటికీ ఉంది, కిటికీ ముందు ఒక ఆడమనిషి తల ఉంది, ఆ తల తనదేనని ఆమెకు తెలుసు గాని ముఖం మాత్రం లేదు, ముఖం ఉండాల్సిన చోట వేలితో చెరిపినట్టు మసక. ఈ మధ్య ఎవరి ముఖమైనా అంతే, నేరుగా చూస్తే కరిగిపోతుంది, చెవి వైపో భుజం వైపో చూస్తే పక్కనుంచి మెల్లగా తిరిగొస్తుంది, అందుకని మనుషుల్ని ఓరగా చూడడం అలవాటు చేసుకుంది, దానికి ఇంటాయన "ఏంటలా కోపంగా చూస్తావ్" అంటాడు, అననీ. నిన్న సాయంత్రం కట్టేసేటప్పుడు ఇది నిక్షేపంలా ఉంది. అప్‌డేట్ చేసుకోమంటావా అని ల్యాప్‌టాప్ అడిగింది, చేసుకోమంది, ఎవరైనా అంతేగా. పొద్దున తెరిచేసరికి ల్యాప్‌టాప్ వెలిగింది, పక్కనున్న పెద్ద మానిటర్ ఒక్కసారి కళ్ళు తెరిచి మూసేసింది. అంతకు ముందు ల్యాప్‌టాప్ మధ్యలో చిన్న పెట్టెలాంటిదేదో వచ్చింది, రెండు వరుసల చీమలు, కింద రెండు మీటలు, ఎడమది నొక్కితే పోయింది. అది వేరే సంగతి, దాని గురించి ఇప్పుడెందుకు. ఇప్పుడు సంగతల్లా మధ్యాహ్నం లోపల పిల్లల జ్వరం సిరప్ కాగితం చదివి, తప్పుల్లేవని సంతకం పెట్టి పంపాలన్నదే. ఆ కాగితమేమో ల్యాప్‌టాప్‌లో ఆవాలు ఒలకబోసినట్టుంది. అక్కడే పెంచుకుని చూసింది, రెండు మాటలు పట్టాయి, మూడో మాట దగ్గరికి జరిగేసరికి మొదటి మాట ఏమిటో మర్చిపోయింది. ఆఫీసులో సిస్టమ్స్ చూసే అమ్మాయికి ఫోన్ చేస్తే, "ఇంట్లోంచే పని చేస్తున్నా మేడమ్, కాసేపట్లో నేనే ఫోన్ చేస్తా" అంది. ఆ కాసేపు ఇంకా అవలేదు.

ఆమె చేసేలాంటి పని ఒకటుందని లోకంలో చాలామందికి తెలీదు. మందు కొంటే పెట్టెలో మడతలు మడతలుగా పల్చటి కాగితం ఉంటుంది, ఎవరూ చదవరు, విప్పితే మళ్ళీ మడవడం బ్రహ్మతరం కూడా కాదు. అచ్చుకి పోయేముందు ఆ కాగితాన్ని అక్షరం అక్షరం చదవడమే ఆమె పని. కళ్ళలో వత్తులు వేసుకుని అంటారే, ఆ మాట ఆమె కోసమే పుట్టినట్టుంది. ఒకప్పుడు చంటిపిల్లల మోతాదు వరుస మొత్తం ఎగిరిపోయిన కాగితాన్ని, అందరూ చూసి సరే అన్నదాన్ని, పట్టుకుంది, ఆ రోజు సెక్షన్ హెడ్ ఆమెని డేగమ్మ అన్నాడు, ఆ పేరే ఆఫీసంతా ఖాయమైంది, కొత్తగా చేరినవాళ్ళకి అసలు పేరు కూడా తెలీదు. అప్పట్లో ఈ పని ఇద్దరు చేసేవాళ్ళు. ఎదురుగా పెద్దాయన కూర్చునేవాడు, పాత కాగితం పట్టుకుని పైకి చదివేవాడు, మాటలే కాదు, చుక్క, గీత, ఖాళీ, కొత్త వరుస, అన్నీ చదివేవాడు, ఆమె కొత్త కాగితం మీద వేలు జరుపుతూ పోయేది. టీ తాగాక ఆమె చదివేది, ఆయన వేలు జరిపేవాడు. అంకెలొస్తే రెండుసార్లు, రెండోసారి తోకనుంచి తలకి. "ముందునుంచి చదివితే మనసు చదివేస్తుందమ్మాయ్, అది సోమరిది, తనకి తెలిసిందే చదువుతుంది. వెనకనుంచి పోతేనే కన్ను చదువుతుంది" అనేవాడు. ఆయన గొంతు ఎప్పుడూ ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టే ఉండేది, తలతిరుగుడు, వాంతులు, దద్దుర్లు అని ఆయన చదువుతుంటే పక్క బల్లల వాళ్ళు మొక్కుకున్నంత పని చేసేవాళ్ళు. ఆయన రిటైరయ్యాక ఇంకొకరిని వెయ్యలేదు. ఒక కాగితానికి ఇద్దరెందుకన్నారు, ఒక మనిషిని తీసేసి ఒక తెర ఇచ్చారు, పాతది ల్యాప్‌టాప్‌లో, కొత్తది పెద్ద మానిటర్‌లో, పక్కపక్కన పెట్టుకుని ఇంట్లో కూర్చుని చూసుకోండి అన్నారు. తెర చుక్క, గీత అని చదవదు కదా. ఇప్పుడదీ లేదు.

ఫోన్ మోగింది. "మేడమ్, సారీ, పాపకి ఒంట్లో బాలేదు, చంకలోంచి దిగట్లేదు. ఏమైంది చెప్పండి?" వెనక పసిబిడ్డ సన్నగా, అలిసిపోయి ఏడుస్తోంది. మానిటర్ ఏమంటోందని అడిగింది. ఏమీ అనట్లేదమ్మా, మొద్దులా కూర్చుంది. కేబుల్ ఊడదీసి మళ్ళీ పెట్టండి, అటు చివరా ఇటు చివరా. ఆ మాటకి ఆమెకి ప్రాణం లేచొచ్చింది, చేతులతో చేసే పని. బల్ల కిందికి దూరింది, దుమ్ము వాసన, చెక్క వాసన, వేళ్ళతో వెతికింది, ఇది కరెంటు తీగ, ఇది మానిటర్‌ది, ఇది రెండింటినీ ల్యాప్‌టాప్‌కి కలిపే చిన్న డబ్బా, దాని వీపు మీద గీతలున్నాయి, ఎటు తిప్పి పెట్టాలో వేలికే తెలుస్తుంది. చీకట్లో ఆమెకి ఏ లోటూ లేదు. ఇక్కడే కూర్చుంటే బాగుండనిపించింది, బల్ల కింద, ఎవరూ ఏదీ చదవమనని చోట.

అమ్మ కూడా ఇలాగే వేళ్ళతోనే వెతికేది. అమ్మ బట్టలు కుట్టేది, కుట్టుమిషను గదిలో కిటికీ పక్కన. బడికెళ్ళేముందు పిలిచేది, "ఇలా రావే, సూదులన్నిటికీ దారాలు ఎక్కించి పెట్టి పో". ఎరుపు మెత్త మీద సూదులు వరుసగా గుచ్చాలి, తెలుపు మొదట, తర్వాత పసుపు, తర్వాత ఎరుపు, ఆ పక్కన ముదురు నీలం, చివర్లో నలుపు, వరుస తప్పకూడదు. నాకు ఆలస్యమవుతోంది, నువ్వెక్కించుకోవచ్చుగా అంటే, "చిన్నపిల్లల చేత్తో ఎక్కిస్తే కుట్టు గట్టిగా ఉంటుంది" అనేది, ఎంత నమ్మకంగా అనేదంటే చాలాకాలం ఆమె ఆ మాట నిజమే అనుకుంది. ఒక బ్యాంకు ఉద్యోగి నల్ల కోటు తెచ్చాడు, మోచేతి దగ్గర చిరిగింది. అమ్మ కుట్టింది, ఎంత బాగా కుట్టిందంటే చెయ్యేసి తడిమితే చిరిగిన చోటే తెలియలేదు. ఆయన వచ్చి కోటుని వాకిట్లోకి, ఎండలోకి తీసుకెళ్ళాడు. నల్ల కోటు మీద ముదురు నీలం కుట్టు. ఆయన కోటు మడిచి పట్టుకుని వెళ్ళిపోయాడు, ఆ తర్వాత రాలేదు, ఆయన చెప్పినవాళ్ళూ రాలేదు. అమ్మ ఆ సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పి చాలాసేపు కూర్చుంది. "దారం రంగు వేలికి తెలీదు కదే" అంది. మళ్ళీ "ముందే చెప్పుకోవాల్సింది. కోటు పాడయ్యాక కళ్ళు కనబడవంటే సాకు చెబుతుందంటారు" అంది. అప్పుడు ఆమెకి ఎన్నేళ్ళో గుర్తులేదు గాని, అమ్మ అబద్ధం చెప్పిందని కోపమొచ్చింది, అది మాత్రం గుర్తుంది. కోపం ఎంత తేలికో, ఎదుటివాళ్ళ కళ్ళ మీద.

"మేడమ్, ఉన్నారా? వెలిగిందా?" వెలగలేదు. బల్ల అంచు పట్టుకుని లేచింది, మోకాలు కలుక్కుమంది. సరే మేడమ్, నేనే ఇక్కడినుంచి మీ సిస్టమ్‌లోకి వస్తా, మీ ల్యాప్‌టాప్‌కి ఒక ప్రోగ్రాం పంపా చూడండి, అందులో నంబర్ కనిపిస్తుంది, అది చదవండి చాలు. చదవండి చాలు. దొంగకి తేలు కుట్టినట్టయింది. "ఒక్క నిమిషమమ్మా, పాలు పొంగుతున్నాయి" అంది, పొయ్యి మీద ఏ పాలూ లేవు. సొరుగు లాగి అమ్మ దారాల డబ్బా తీసింది, దాని అడుగున భూతద్దం. ఇంటాయనకి తెలీకుండా కొన్నది, ఆయన డ్రైవింగ్ నేర్పుతాడు, రోజంతా పక్క సీట్లో కూర్చుని ఎవరికేం కనబడుతోందో ఏం కనబడట్లేదో కనిపెట్టడమే ఆయన పని, అద్దాలు చూడు అద్దాలు చూడు అని నిద్రలో కూడా అంటాడు, ఇంట్లో పెళ్ళానికి కనబడట్లేదని మాత్రం కనిపెట్టలేదు. కళ్ళజోడు నంబర్ మారిందంటే, నాదీ మారింది, వయసు కదా అని నవ్వాడు. నవ్వేవాణ్ణి ఆపి, అది కాదయ్యా అని ఎలా చెబుతుంది. కంటి డాక్టరు మెల్లగానే చెప్పాడు, కంటి లోపల మధ్యభాగం అరిగిపోతోందమ్మా, అంచులు బాగానే ఉంటాయి, పూర్తిగా చీకటి అవదు, గుమ్మాలూ మెట్లూ కనబడతాయి, చదవడమే. చదవడమే అన్నాడు, అదేదో నెయ్యి మానేయండి అన్నట్టు. ఏం పని చేస్తారమ్మా మీరు అని అడిగాడు. ఇంట్లోనే ఉంటానండీ అని చెప్పి వచ్చేసింది.

అద్దం తెర మీద ఆనించి, కన్ను పక్కకి తిప్పి, ఒక్కో అంకె పట్టుకుంటూ చదివింది. "తప్పు నంబర్ అంటోంది మేడమ్." మళ్ళీ చదివింది, ఈసారి ఇంకా జాగ్రత్తగా. మళ్ళీ తప్పంది. అద్దంతో కూడా కనబడనంత దూరం వచ్చేసిందా, ఇంత తొందరగానా, డాక్టరు ఇంకా టైముందన్నాడే. మూడోసారి అద్దం పెట్టబోతుంటే తెలిసింది, అంకెలు సరిగ్గానే ఉన్నాయి, తను వాటిని తోకనుంచి తలకి చదువుతోంది. "అయ్యో, వెనకనుంచి చదివానమ్మా, తిప్పి రాసుకో." అవతల అమ్మాయి పగలబడి నవ్వింది. "వెనకనుంచి ఎందుకు చదువుతారు మేడమ్ ఎవరైనా!" ఆమె కూడా నవ్వింది. ఈ పొద్దుట్నుంచి మొదటిసారి ఊపిరాడినట్టయింది, పెద్దాయన వింటే బల్ల చరిచి మెచ్చుకునేవాడు.

బాణం గుర్తు దానంతటదే కదులుతోంది, దాన్ని అంచునుంచి చూస్తే బాగా తెలుస్తోంది. "డబ్బా ఉంది, మానిటర్ ఉంది, కేబుల్ బానే ఉంది. మరి ఎందుకు రావట్లేదబ్బా. మేడమ్, ఈ అప్‌డేట్ తర్వాత కొత్త అలవాటొకటి వచ్చింది దీనికి. ఏది తగిలించి ఉన్నా, దీన్ని ఒప్పుకోమంటారా, వద్దా అని ఒక్కసారి అడుగుతుంది. పొద్దున మిమ్మల్ని అడిగిందా?" రెండు వరుసల చీమలు. ఎడమ మీట. "లేదమ్మా" అంది. "అడగలేదా? చూసే ఉంటారులెండి, అడిగితే మీ కంటపడకుండా ఎలా ఉంటుంది. అయితే వేరే ఏదో. మానిటర్‌కి సంబంధించినదంతా తీసేసి మళ్ళీ వేస్తా, కొంచెం టైం పడుతుంది." పాపం ఆ అమ్మాయి ఒంటిచేత్తో, ఇంకో చేతిలో బిడ్డతో, లేని జబ్బుకి వైద్యం మొదలుపెట్టింది. ఆమె చూస్తూ కూర్చుంది, చెప్పేయొచ్చు, ఇప్పుడైనా చెప్పేయొచ్చు, తొందర్లో ఏదో నొక్కానమ్మా అంటే ఎవరు కాదంటారు. కానీ డేగమ్మ చదవకుండా నొక్కుతుందా. ఆ పేరు ఒకటి, మెళ్ళో గంటలా.

ల్యాప్‌టాప్ ఆరిపోయి మళ్ళీ మొదలవుతోంది. ఫోన్‌లో బిడ్డ ఏడుపు ఆగింది. "పడుకుందా?" అని అడిగింది ఆమె. "ఇప్పుడే కళ్ళు మూసింది మేడమ్, రాత్రి ఒళ్ళు కాలిపోయింది, సిరప్ వేశా." బరువెంత పాపది, అనేసింది ఆమె, ఏళ్ళ అలవాటు, మందు అన్నాక బరువు అడక్కుండా ఉండలేదు. అమ్మాయి చెప్పింది. ఎంత వేశావంటే అదీ చెప్పింది, సరిపోయింది. "కాగితం చూసే వేశా మేడమ్. అవేం అక్షరాలు మేడమ్, దోమలకి రాసినట్టు! ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదివా. మా ఆయన అంకె మీద అనుమానపడి డాక్టర్‌ని అడుగుదామన్నాడు, నేనే అన్నా, మా ఆఫీసులో డేగమ్మ గారు ఉంటారు, ఆవిడ చూశాక ఇంక తిరుగు లేదు, వేసెయ్ అన్నా." నవ్వుతూ అంది, నిద్రలేని గొంతుతో, మెచ్చుకోలుగా.

ఆ పాప తాగిన మందు కాగితం పాతది, కళ్ళున్న రోజుల్లో చూసింది, దానికేం భయం లేదు. భయం పోయిన వారానిది. దగ్గు మందు, పిల్లలదే, బరువుని బట్టి మోతాదు, పట్టిక. పెద్ద మానిటర్ మీద అక్షరం పిడికిలంత చేసుకుంటే అంకె కనబడుతుంది, స్పష్టంగా, చక్కగా, వెనకనుంచి ముందునుంచి ఎలాగైనా చదవొచ్చు. కానీ అంకె కనబడితే దాని తల మీద ఏ బరువు రాసుందో కనబడదు, బరువు దగ్గరికి పోతే అంకె జారిపోతుంది. ఒక్కో గడి ఒక్కో ఊరు, మధ్యలో దారి లేదు. గడులన్నీ సరిపోయాయి, ఒక్క అంకె కూడా తప్పు లేదు, ఒకసారి కాదు మూడుసార్లు చూసింది. అన్ని అంకెలూ ఉన్నాయి, వాటి వాటి వరుసల్లోనే ఉన్నాయా. ఒక వరుస కిందికి జారి కూర్చుంటే ప్రతి గడీ సరిగ్గానే కనబడుతుంది, చంటిపిల్లకి పడాల్సిన చోట పక్కింటి పెద్దపిల్ల మోతాదు పడుతుంది. ఆ రోజు సంతకం పెట్టేముందు చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందో చెయ్యికి తెలుసు, మనసే సోమరిది, నీకు తెలిసిందే కదా, ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కదా అంది. సంతకం పెట్టింది. అది ఈ వారమో పై వారమో అచ్చు. ఇన్నాళ్ళూ ఆమె లెక్కేసుకున్నది తన సంగతే, చెబితే ఉద్యోగం పోతుంది, ఈ వయసులో చదవడం తప్ప ఇంకేం చేతకాని మనిషిని ఎవరు పెట్టుకుంటారు, పేరు పోతుంది, పొద్దున్నే లేచి కూర్చోవడానికి ఈ కుర్చీ పోతుంది. కోటు సంగతి అనుకోలేదు. అమ్మది కోటు. కోటుకేం, నీలం దారంతో కూడా వేసుకోవచ్చు.

"అమ్మాయ్" అంది. "ఆ మేడమ్?" "పొద్దున అడిగింది. ఒప్పుకోమంటారా అని. నేనే వద్దు నొక్కాను." "అయ్యో మేడమ్! మరి ఇందాక..." అని ఆగిపోయింది అమ్మాయి, పెద్దావిడని ఏమంటుంది. "తొందర్లో నొక్కేసుంటారు, అందరూ చేస్తారు. ఇప్పుడే మారుస్తానుండండి." బాణం గుర్తు ఎక్కడెక్కడికో పోయింది, ఏదో పట్టీలో చివరికంటా జరిగింది, ఒకచోట నొక్కింది. పెద్ద మానిటర్ కళ్ళు తెరిచింది. నలుపు పోయింది, నలుపులో ఉన్న కిటికీ పోయింది, ముఖం లేని ఆడమనిషి పోయింది, ఆ చోట తెల్లగా, నిండుగా, అక్షరాలు. నిన్న సాయంత్రం ఎక్కడ వదిలేసిందో అక్కడే, ఒక్క మాట, పిల్లలకు, అన్న మాట, ఈ చివరినుంచి ఆ చివరికి. ఎంత హాయిగా ఉందో. ఏడుపొచ్చింది ఆమెకి, మనిషి దొరికినట్టు.

"వచ్చిందా మేడమ్? నాకూ కనబడుతోంది. అరె, ఇదేంటి, అప్‌డేట్ సైజు కూడా చెడగొట్టింది చూశారా! ఒక్క మాటే తెరంతా ఉంది. మామూలుగా చేసేయనా?"

చేసెయ్ అంటే చాలు. థాంక్స్ అమ్మా, పాపని చూసుకో అని పెట్టేయొచ్చు, పెట్టేశాక మళ్ళీ పెంచుకోవచ్చు, రెండు నొక్కులు, ఎవరికీ తెలీదు. చిన్నపిల్లల చేత్తో ఎక్కిస్తే కుట్టు గట్టిగా ఉంటుంది. ఫోన్‌లో పాప నిద్రలో ముక్కుతో గురకలాంటిది పెడుతోంది, ముక్కు మూసుకుపోయినట్టుంది, దగ్గు కూడా మొదలవుతుందేమో.

"వద్దమ్మా, అలాగే ఉండనీ. అది అప్‌డేట్ చేసింది కాదు, నేను పెట్టుకున్నదే. అంతకంటే చిన్నవి నాకు కనబడవు."

తెర మీద బాణం గుర్తు ఆగిపోయింది. "పొద్దున అది అడిగింది కూడా తొందర్లో నొక్కలేదు. చదవలేకపోయాను." ఇంత తేలికా చెప్పడం, అనుకుంది. అమ్మాయి గొంతు బాగా తగ్గించి, పాప లేస్తుందనో ఎవరైనా వింటారనో, "నేనెవరికీ చెప్పను మేడమ్" అంది. మంచిపిల్ల. ఇందాక ఆమె తనని గంట సేపు వృథాగా తిప్పిన సంగతి కూడా ఎత్తలేదు. "అలా అనకు తల్లీ" అంది ఆమె. "నువ్వు చెప్పొద్దులే. నేనే చెబుతాను. ముందు పాపకి ఆవిరి పట్టించు, దగ్గర కూర్చుని పట్టించు, ముక్కు మూసుకుపోయింది." సాయంత్రం ఇంటాయనకి చెప్పాలి, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని చెప్పాలి, అద్దాలు చూడడం మానేసి నన్ను చూడు అని చెప్పాలి. అది సాయంత్రం. ఫోన్‌లో సెక్షన్ హెడ్ నంబర్ వెతకక్కర్లేదు, ఒక అంకె నొక్కి పట్టుకుంటే ఫోన్ వెళ్తుంది, ఏళ్ళ కిందట పెట్టుకున్నది.

"ఏం డేగమ్మా, అయిపోయిందా జ్వరం కాగితం?" అన్నాడు ఎత్తగానే, హుషారుగా.

"అది నేను చూడట్లేదండీ, ఇంకెవరికైనా ఇవ్వండి. పోయినవారం దగ్గు మందు కాగితానికి సంతకం పెట్టాను కదా, ముందు దాని అచ్చు ఆపించండి. ఆ పట్టికని ఇద్దరి చేత చూపించండి, ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు వేలు పెట్టి చూసుకోవాలి. మన పెద్దాయన రోజుల్లోలాగ."

"ఎందుకూ? తప్పుందా అందులో?"

"తెలీదండీ" అంది ఆమె. "అదే చెబుతున్నా. ఉందో లేదో నాకు కనబడలేదు."